మిగతా ఫొటోలు

ముక్కు కింద సంచులు వేలాడే గూడబాతులు చెరువు అవతలి వైపు, లోతు నీళ్ళ దగ్గర ఉన్నాయి. సమ్రీన్ స్కూటీని కట్ట కింద నిలిపి, చున్నీ తలకు బిగించి కట్టుకుని, తుమ్మచెట్టు మొదట్లో బోర్లా పడుకుంది. లెన్సును సంచి మీద ఆనించి కన్ను పెట్టింది. మోచేతుల కింద గులకరాళ్ళు గుచ్చుకుంటున్నాయి. అవతలి గట్టు మీంచి ఎండ సూటిగా ముఖానికి కొడుతోంది. నీళ్ళన్నీ తగరపు రేకులా మెరుస్తున్నాయి.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె ఎక్స్‌రే టెక్నీషియన్. డ్యూటీకి ముందు రొంపిచెర్ల వైపున్న ఈ గంగన్నపాలెం చెరువుకు వచ్చి నీటికాకులనో, నత్తగుల్ల కొంగలనో ఫొటోలు తీసుకుని వెళ్ళడం చాన్నాళ్ళుగా అలవాటు. ఇక్కడ గూడబాతులు దిగడం మాత్రం ఇదే మొదటిసారి. అందుకే తెల్లవారుజాము ఫజర్ నమాజు కాగానే టీ కూడా తాగకుండా బయల్దేరింది.

ఎడమ చివర నీళ్ళు చెదిరాయి. ఒక గూడబాతు రెక్కలు కొట్టుకుంటోంది గానీ లేవలేకపోతోంది. దాని వైపు థర్మాకోల్ తెప్ప ఒకటి కదిలింది. తెప్ప మీద తలకు తువ్వాలు చుట్టుకున్న నడివయసు మనిషి. గెడతో నెట్టుకుంటూ వచ్చి పక్షి మీదికి ఒరిగాడు. ఎడమ చేత్తో దాని ముక్కు ఒడిసిపట్టుకుని, పొడవాటి మెడను చంకలో ఇరికించుకున్నాడు. కుడిచేతిలో కత్తి తళుక్కుమంది.

సమ్రీన్ బటన్ మీంచి వేలు తియ్యలేదు. కెమెరా టకటకా కొట్టుకుంటూనే ఉంది. తెప్ప తిరిగి మనిషి వీపు అడ్డం వచ్చింది. ఇక చూడలేక ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది.

"ఏయ్! ఏం చేస్తున్నావయ్యా?"

ఆ కేకకు గుంపంతా ఒక్కసారి లేచింది. తెల్లటి రెక్కల చప్పుడు చెరువంతా నిండిపోయింది. తెప్ప మీది మనిషి ఇటు తిరిగి చెయ్యి విసిరాడు, వెళ్ళిపొమ్మన్నట్టు. ఆ చేతిలో కత్తి ఇంకా ఉంది. కట్ట మీద మరో మనిషి లేడు. సమ్రీన్ కెమెరాను మెడకు తగిలించుకుని, సంచి ఈడ్చుకుంటూ కట్ట దిగింది. స్కూటీ రెండోసారికి గానీ స్టార్టు కాలేదు.

రొంపిచెర్ల దాటాక ఒక టీ బంకు దగ్గర ఆగింది. వరసలో మొదట స్పష్టంగా కనపడ్డ ఒక్క ఫొటోను కెమెరాలోంచి ఫోన్లోకి దించుకుని, పిట్టల ఫొటోలు తీసేవాళ్ళ గ్రూపులో పెట్టింది. 'ఇప్పుడే చూశాను. ఎవరికి చెప్పాలి?' అని మాత్రం రాసింది.

గ్రూపు నడిపేది సత్తెనపల్లిలో పళ్ళ డాక్టరు సుధీర్ బాబు. ఆమె ఆసుపత్రికి చేరేలోపే అతను ఆ ఫొటోను నాలుగు వైపులా కత్తిరించాడు. నీళ్ళు పోయాయి, తెప్ప పోయింది. మనిషీ, పక్షి మెడా, కత్తీ మిగిలాయి. కింద 'అతిథిగా వచ్చిన పక్షి గొంతు కోస్తున్న కిరాతకుడు' అని రాసి బయటికి వదిలాడు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో నర్సుల ఫోన్లలోకి కూడా వచ్చింది. "ఇది మీరు తీసిందేనా మేడం?" అని రిసెప్షన్ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది. అవునన్నప్పుడు సమ్రీన్‌కు గర్వంగానే అనిపించింది. మర్నాడు పొద్దున సుధీర్ బాబు ఫోన్ చేశాడు. "సమ్రీన్ గారూ, ఫారెస్టువాళ్ళు పట్టుకున్నారండీ వాణ్ణి. చేపల చెరువు కాపలావాడు. వన్యప్రాణి చట్టం కింద కేసు, అంత తేలిగ్గా బెయిలు కూడా రాదు. మీ ఒక్క ఫొటో ఎంత పని చేసిందో చూశారా?"

ఆ మధ్యాహ్నం ఎక్స్‌రే గది ముందు బెంచీ నిండిపోయింది. కాలు మడతపడ్డ కుర్రవాడి ఫొటో రెండు వైపుల నుంచీ తీసి పంపించి, సమ్రీన్ తలుపులోంచి తల బయటపెట్టింది. "తర్వాతెవరు?"

ముదురు నీలం చీర కట్టుకున్న ఒకావిడ లేచి లోపలికొచ్చింది. నలభై దాటి ఉంటాయి. చేతిలో చీటీ లేదు.

"ఎక్కడమ్మా నొప్పి?"

"నాకేం నెప్పి లేదు." ఆవిడ తలుపు దగ్గరికేసింది. "నా పేరు జ్ఞానమ్మ. మాది గంగన్నపాలెం. నువ్వు ఫొటో తీశావే, ఆయన మా ఆయన. యేసుపాదం."

సమ్రీన్ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. బయటి నుంచి ఎవరినైనా పిలుద్దామా అనుకుంది. జ్ఞానమ్మ అరవలేదు, దగ్గరికి కూడా రాలేదు. నిలబడ్డ చోటనే నిలబడింది.

"నిన్న పొద్దున ఏం చూశావమ్మా నువ్వు?"

"మెడ పట్టుకుని కత్తి పెట్టాడు. చూశాను."

"ఏడ పెట్టాడు కత్తి? మెడ మీదా?"

సమ్రీన్ చూపు మూలనున్న కెమెరా సంచి మీదికి పోయింది.

"వలలో పడింది గూడబాతు. వలదారం కోసి వదిలిపెట్టాడు. రోజూ పొద్దున్నే లేచి వలలో పడ్డ పిట్టల్ని విడిపించడమే ఆయన పని. వాటి ముక్కు కొనలు తగిలి చేతులనిండా గీతలు. ఇంటికొచ్చి పసుపు పెట్టించుకుంటాడు. చంపేవోడైతే వండుకునేవాళ్ళం గదా? మా పొయ్యి మీద ఏం ఉడికిందో ఊరంతా వచ్చి చూసుకోమను."

"చెరువులో వల నాకు కనపడలేదే?"

"కనపడితే పిట్టలెందుకు పడతాయి? సన్న నైలానుది. నీళ్ళకి జానెడు పైన, ఈ చివర్నించి ఆ చివరికి."

"ఎవరు కట్టారు?"

జ్ఞానమ్మ ఒక్క క్షణం తల దించుకుని మళ్ళీ ఎత్తింది. "మా ఆయనే కట్టాడు. అబద్ధం ఎందుకు చెప్పాల? వేలంలో చెరువు పాడుకున్న తిరుపతిరావు గారు ఈమధ్యే వల తెచ్చి, చేపపిల్లల్ని పిట్టలు తింటన్నాయి, కట్టరా అన్నాడు. కట్టాడు. ఇప్పుడేమో ఆ పెద్దమనిషి, వల సంగతే నాకు తెల్వదు, కాపలావోడు పిట్టల కోసం దొంగతనంగా కట్టుకున్నాడని చెప్పి వచ్చాడంట. రేపు పొద్దున కోర్టుకి తీసుకుపోతారు." తలుపు తీస్తూ ఆగింది. "నువ్వు చానా ఫొటోలు తీశావంట. టకటకా శబ్దం నీళ్ళ మీద ఆయనకి ఇనపడిందంట. మిగతావి చూశావా, లేదా?"

చూడలేదు. ఆ మాట చెప్పేలోపే ఆవిడ వరండా దాటిపోయింది. సమ్రీన్ తర్వాతి మనిషిని పిలిచింది. భుజం నొప్పి అన్నాడు. ఒక వైపు తీసి, రెండో వైపు తియ్యడానికి అతని చెయ్యి పైకెత్తించబోతూ అలాగే నిలబడిపోయింది. "మేడం, తీశారా?" అని అతనే అడిగాడు.

డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళే ఓపిక లేకపోయింది. రిపోర్టులు టైపు చేసే కంప్యూటరు ముందు కూర్చుని కెమెరా కార్డు పెట్టింది. ఫొటోలు వరసగా తెరుచుకున్నాయి. గ్రూపులో పెట్టినదాని పక్కదాన్ని పెద్దది చేసింది. కత్తి మెడ మీద లేదు, రెక్క కింద ఉంది. ఇంకా పెద్దది చేస్తే, మెరుపుల మధ్య సాలెదారం లాంటి గీతలు కనిపించాయి. వల. తర్వాతి నాలుగింటిలోనూ మనిషి వీపే ఉంది. ఆ తర్వాతిది ఆమె ముఖం తిప్పుకున్నప్పటిది అయి ఉండాలి. ఫొటో ఒక పక్కకు ఒరిగిపోయింది. అందులో మనిషి రెండు చేతులూ చాచి ఉన్నాయి, కుడిచేతిలో కత్తి తప్ప ఇంకేం లేదు. అతని ముందు గూడబాతు నీళ్ళ మీద పరిగెత్తుతోంది. చివరిదాంట్లో గుంపు లేస్తోంది. గుంపు వెనకగా ఒక పక్షి, కాలికి తెగిన వలముక్క వేలాడుతూ.

ఒరిగిన ఆ ఫొటోలో ఇంకోటి కూడా పడింది. చెరువు పొడుగునా నాటిన కర్రలు, వాటి చివర, గోడ మీద తిరుపతిరావు పేరున్న మోటారు షెడ్డు. వల ఆ షెడ్డు గోడకే ముడివేసి ఉంది.

సుధీర్ బాబుకు ఫోన్ చేసి చెప్పింది. అతను చాలాసేపు విన్నాడు.

"వల కట్టింది అతనే కదండీ మరి?"

"కట్టింది అతనే. కానీ చంపలేదు. మనం చంపాడని రాశాం."

"చూడండి, ఇన్ని వేలమంది షేర్ చేశాక ఇప్పుడు తప్పైందంటే రేపు నిజంగా ఎవడైనా వేటాడినా మన మాట ఎవరూ నమ్మరు. పక్షుల కోసమే చెబుతున్నా. కోర్టులో వాళ్ళే తేల్చుకుంటారు. మీరు తొందరపడి గ్రూపులో ఏమీ పెట్టకండి, రేపు మాట్లాడదాం."

రేపు పొద్దున్నే అతన్ని కోర్టుకు తీసుకుపోతారు. సమ్రీన్ ఫోన్ పెట్టేసింది.

తెల్లవారాక అటవీశాఖ రేంజి ఆఫీసుకే బయల్దేరింది. ఆ దారి గంగన్నపాలెం మీదుగానే. కట్ట దగ్గరికి వచ్చేసరికి వల ఇంకా ఉందో లేదో చూడాలనిపించి ఆగింది.

వల ఉంది. ఒడ్డునున్న కర్రకు ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం కట్టి ఉంది. కేసులో స్వాధీనం చేసుకున్న వస్తువు, ఎవరూ ముట్టరాదు అని. కాగితానికి కాస్త అవతల ఒక నీటికాకి తలకిందులుగా వేలాడుతోంది. ఎప్పుడో చచ్చిపోయింది. ఇంకా లోపల గూడబాతు ఒకటి, రెక్క చుట్టూ వల మెలిపడి, తల ఎత్తడానికీ ఓపిక లేక నీళ్ళ మీద వాలి ఉంది. సమ్రీన్ కాగితం మీది నంబరుకు ఫోన్ చేసింది.

"స్టాఫ్ కోర్టు పని మీద ఉన్నారు మేడం. మధ్యాహ్నం వస్తారు. మీరు మాత్రం ముట్టుకోవద్దు."

"అప్పటిదాకా బతకదండీ."

"పైవాళ్ళకి చెబుతాను." ఫోన్ పెట్టేశారు.

రోజూ ఈ పాటికి తెప్పేసుకుని వచ్చే మనిషి రేంజి ఆఫీసులో ఉన్నాడు. తెప్పను కూడా తీసుకుపోయినట్టున్నారు. సమ్రీన్ కట్ట మీద అటూ ఇటూ చూసింది. చెప్పులు విడిచి, ఫోనూ కెమెరా స్కూటీ డిక్కీలో పెట్టి, ఆసుపత్రిలో కట్లు కోసే కత్తెర సంచిలోంచి తీసి నీళ్ళలోకి దిగింది.

ఆమెకు ఈత రాదు. నడుముదాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత బురద పిక్కల్ని పట్టుకుని లాగింది. వల కర్రల్నే ఒక్కొక్కటీ పట్టుకుంటూ వెళ్ళింది. పక్షి దగ్గరికి చేరేసరికి నీళ్ళు భుజాలకు వచ్చాయి. చెయ్యి చాచగానే గూడబాతు ఒక్కసారి బతికినట్టు తల ఎత్తి ముక్కుతో కొట్టింది. ముక్కు కొన ముంజేతి మీద చర్మాన్ని చీల్చుకుంటూ పోయింది. రెండోసారి కొడితే కంటి పక్కన తగిలింది. వెనక్కి తూలి నోట్లోకి నీళ్ళు పోయాయి. కర్ర దొరికింది కాబట్టి నిలబడింది.

ఇక వేరే దారి లేదు. ఎడమ చేత్తో ముక్కు ఒడిసిపట్టుకుంది. మెడను చంకలోకి లాక్కుని బిగించింది. చంక కింద దాని గుండె దడదడలాడుతోంది. కత్తెర రెక్క కిందికి దూర్చి మొదటి దారం తెంచింది.

"ఆగమ్మాయ్, అట్టాగే ఉండు. కత్తెర కాస్త పైకెత్తు."

కట్ట మీద తెల్లచొక్కా మనిషి ఫోన్ ఎత్తిపట్టుకుని ఉన్నాడు. పక్కన బుల్లెట్టు ఆగి ఉంది. మోటారు షెడ్డువి కాబోలు, తాళాలు చేతిలో ఆడుతున్నాయి. తిరుపతిరావు అయి ఉంటాడు.

"బాగా పడింది," అన్నాడు. "ఆఫీసోళ్ళు ముట్టుకోవద్దన్న వల కోస్తన్నావు. పిట్ట పీక పట్టుకున్నావు. నిన్ను చూసే నేర్చుకున్నానమ్మాయ్ ఫొటోలు తియ్యడం."

సమ్రీన్ ఇంకో దారం తెంచింది. వేళ్ళు జారుతున్నాయి.

"నిన్న జ్ఞానమ్మ నీ దగ్గరికొచ్చిందని తెలిసింది. నీ దగ్గర ఇంకా ఫొటోలున్నాయంట గదా? నా మాట విను. వాడికి వకీలును నేనే పెడతా, బెయిలు నేనే ఇప్పిస్తా. ఏడికీ పోడు వాడు. నీ ఫొటోలు నీ దగ్గరుంచుకో, నా ఫొటో నా దగ్గరుంచుకుంటా. ఎవరికీ గొడవుండదు."

ఆమె మళ్ళీ కత్తెర దూర్చింది. చివరి మెలిక రెక్క మొదట్లో చర్మంలోకి దిగిపోయి ఉంది. అక్కడ కత్తెర పెట్టడానికి భయమేసి వేళ్ళతోనే విప్పింది. మెడ వదిలింది. గూడబాతు ఎగరలేదు. ఒక రెక్క వాలేసుకుని నీళ్ళ మీద ఈదుకుంటూ జమ్ము వైపు వెళ్ళిపోయింది.

సమ్రీన్ కర్రలు పట్టుకుంటూ ఒడ్డుకు వచ్చింది. కంటి పక్కన రక్తం కారుతోంది. తిరుపతిరావు ఇంకా ఫోన్ దించలేదు.

"ఏమంటావ్?"

"పంపించండి. ఎవరికి కావాలంటే వాళ్ళకి పంపించుకోండి."

స్కూటీ మీద వెళుతుంటే గాలికి తడిబట్టలు ఒంటికి అంటుకుని వణుకు పుట్టింది. ఫొటో బయటికి వెళితే ఆసుపత్రిలో ఏమంటారు? ఇంట్లో అమ్మీకి ఎవరు చూపిస్తారు? నిన్నటిదాకా మెచ్చుకున్న వాళ్ళంతా ఏం రాస్తారు? యేసుపాదానికి ఈ ఆలోచన కూడా చేసుకునే వ్యవధి దొరికి ఉండదు.

రేంజి ఆఫీసు ముందు జీపు సిద్ధంగా ఉంది. వరండాలో బెంచీ మీద యేసుపాదం కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాలు లేకపోతే ఇంకా పెద్దవాడిలా ఉన్నాడు. మెట్ల మీద జ్ఞానమ్మ. ఇద్దరూ ఆమె తడిబట్టలనీ, చేతి మీది గాటునీ చూశారు.

రేంజి ఆఫీసరు కృష్ణచైతన్య ముప్పై దాటని మనిషి. ఆమెను కూర్చోమనకుండానే బల్ల మీది ఫోన్ తిప్పి చూపించాడు.

"ఇప్పుడే వచ్చింది. ఇది మీరేనా?"

తిరుపతిరావు నేర్చుకున్న విద్య బాగానే వంటబట్టింది. నీళ్ళు లేవు, కర్రలు లేవు, వల లేదు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, చంకలో పక్షి మెడ, చేతిలో కత్తెర.

"నేనే."

"ఏం చేస్తున్నారు ఇందులో?"

"విడిపిస్తున్నాను."

"అలా కనపడటం లేదే?"

"అవునండీ, కనపడదు." ఆమె కెమెరా బల్ల మీద పెట్టింది. "ఆ మొదటి ఫొటోలో కూడా కనపడదు."

కృష్ణచైతన్య ఆమెను ఒకసారి చూసి, ఫైల్లోంచి యేసుపాదం ఫొటో తీశాడు. దాన్ని ఫోన్ పక్కన పెట్టాడు. అదే ఎడమ చెయ్యి, అదే చంక, అదే ఒంపు. చాలాసేపు రెండింటినీ చూశాడు. తర్వాత కుర్చీ ఆమె వైపు నెట్టాడు.

ఆమె కెమెరా తెరిచి ఒక్కో ఫొటో జరిపింది. ఒరిగిన ఫొటో దగ్గర అతనే ఆపమన్నాడు. షెడ్డు గోడకున్న ముడిని పెద్దది చేయించుకుని చూశాడు.

"ఇవి నిన్ననే ఎందుకివ్వలేదు?"

"నేనే చూసుకోలేదు."

అతను నిట్టూర్చాడు. "వల కట్టింది ఇతనే. తనే ఒప్పుకున్నాడు. కేసులోంచి పూర్తిగా తప్పించలేను మేడం. పక్షిని చంపాడన్న మాట తీసేసి నోటీసిచ్చి పంపుతాను. పాటదారును పిలిపిస్తాను. మీ కార్డు ఇక్కడ ఇచ్చి, జరిగింది రాసి సంతకం చెయ్యండి. కోర్టులో కూడా చెప్పాల్సి వస్తుంది." గుమ్మం వైపు చూసి కేకేశాడు. "జీపు కోర్టుకు కాదు, చెరువుకు. వల ఇప్పుడే తీయించండి. పంచనామా అక్కడే రాద్దాం."

యేసుపాదం బయటికి వచ్చేసరికి సమ్రీన్ స్కూటీ దగ్గర నిలబడి ఉంది.

"తప్పు జరిగింది," అంది.

అతను ఆమె ముంజేతి మీది గాటు చూశాడు. "ఎగిరిందా?"

"లేదు. జమ్ములోకి ఈదుకుంటా వెళ్ళింది."

"రెక్క నెప్పి తగ్గిందాకా జమ్ములోనే ఉంటది. కుక్కలు రాకుండా చూడాల." చెరువున్న వైపు చూసి, "ఇంక నన్ను చెరువు మీదికి రానిస్తారా ఏంది," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

"మీరిద్దరూ ఆటోలో వెళ్ళండి, నేను..." అంటూ సమ్రీన్ సంచిలో చెయ్యి పెట్టింది.

జ్ఞానమ్మ ఆమె చేతిని ఆపింది. "ఆటోకి మా దగ్గరున్నాయి. నువ్వు మా వెనకాల రా."

"ఎక్కడికి?"

"మా ఊళ్ళోకి. రాత్రి మా ఇంటి మీదికొచ్చి తిట్టిపొయ్యారు. చర్చిలో నా పక్కన కూర్చునేవాళ్ళు గూడా మొహం తిప్పుకున్నారు. ఈ ఆఫీసులో రాసిన కాగితం వాళ్ళెవరూ చదవరు. నువ్వొచ్చి చెప్పాల."

"ఫోన్లో అందరికీ పెడతాను అక్కా, ఇప్పుడే పెడతాను."

"పెట్టు. పెట్టి, రా."

సమ్రీన్ అక్కడే నిలబడి, కత్తిరించకుండా అన్ని ఫొటోలూ గ్రూపులో పెట్టింది. కింద తన పేరు రాసింది. ఆటో మలుపు తిరిగేలోపే సుధీర్ బాబు ఆమెను గ్రూపులోంచి తీసేశాడు. ఆమె ఫోన్ సంచిలో వేసుకుని ఆటో వెనకాల బయల్దేరింది.

గంగన్నపాలెంలో మొదటి ఇల్లు హనుమాయమ్మది. అరుగు మీద చేటలో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ముసలావిడ, ఆటో దిగిన యేసుపాదాన్ని చూసి చేట పక్కన పెట్టింది. "వదిలేశారా నిన్ను?" అంది. గొంతులో సంతోషం లేదు.

యేసుపాదం వీధిలోనే ఆగిపోయాడు. జ్ఞానమ్మ సమ్రీన్ వైపు చూసింది.

సమ్రీన్ అరుగు ముందుకు వెళ్ళింది. బట్టలు ఇంకా ఆరలేదు. నేల మీద బురద పాదాల ముద్రలు పడ్డాయి. "పెద్దమ్మా, ఆ ఫొటో తీసింది నేనే. ఈయన చంపలేదు," అంటూ కెమెరా తెర చూపించింది.

"అంత చిన్నది నాకు ఆనదు," అంది హనుమాయమ్మ. "నా మనవరాలు ఫోన్లో చూపించింది, అది ఆనింది. నోటితో చెప్పు. మొదట్నించీ చెప్పు."

పక్క ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి అరుగు పక్కన నిలబడ్డారు. సమ్రీన్ చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ పడుకుందీ, ఎండ ఎటు నుంచి కొట్టిందీ, ఏది కనపడిందీ, ఏది కనపడలేదూ. తెప్ప తిరిగిన చోటుకు వచ్చి ఆగింది. అక్కణ్ణించి ఆమె ముఖం తిప్పుకుంది.

"తర్వాత ఏమైంది?" అంది హనుమాయమ్మ.

"అప్పుడు నేను చూడలేదు పెద్దమ్మా."

వీధిలోంచి యేసుపాదం నాలుగడుగులు ముందుకు వచ్చాడు. ఎడమ చెయ్యి చంకలోకి మడుచుకున్నాడు, అక్కడ ఇంకా పక్షి ఉన్నట్టు.

"అప్పుడు కాలి దగ్గర ఒక్క దారమే మిగిలింది," అన్నాడు.